వన్స్ మోర్ అనే హక్కు ఎవరిది?

పాట మీద మన పత్రికల్లో వచ్చే విమర్శకు ఒక పాత జబ్బు ఉంది. పాటను కాగితం మీద పరుచుకుని చదువుతాం. పల్లవి ఏం చెబుతోంది, చరణంలో కవి ఎవరి పక్షాన నిలబడ్డాడు, ప్రతీక కుదిరిందా లేదా అని చూసి తీర్పు చెబుతాం. పాడినవాడి గొంతు, పక్కన డోలక్ వాయించినవాడి చేతులు, వంత అందుకున్న నలుగురు, ఎదురుగా నేలమీద కూర్చున్న జనం ఆ తీర్పులోకి రారు. గద్దర్ పాట మీద మనం రాసిన వ్యాసాలన్నీ ఒకచోట పోగేస్తే మాటల గురించి పేజీలకు పేజీలు దొరుకుతాయి, గజ్జెల గురించి నాలుగు వాక్యాలు దొరికితే గొప్ప. వస్తువు, శిల్పం అని రెండు గదులు కట్టుకున్నాం. శిల్పం గదిలో కూడా మాటలనే కూర్చోబెట్టాం. పాట ఎట్లా తయారవుతుంది, ఎవరెవరు కలిసి తయారుచేస్తారు, వాళ్ల మధ్య సంబంధాలేమిటి అనే ప్రశ్న, ఉత్పత్తి సంబంధాల గురించి అంతగా మాట్లాడే మనకు తట్టకపోవడం విచిత్రమే.

తార్నాకలో ఒక సాయంత్రం జరిగిన చిన్న వాదన నన్ను ఈ ప్రశ్న దగ్గరికి నెట్టింది. ఉస్మానియా క్యాంపస్‌లో ఏదో సభ ముగించుకుని ఐదారుగురం ఒక పరిశోధక విద్యార్థి గదిలో చేరాం. ఆ కుర్రాడు పగలు థీసిసు రాసుకుంటాడు, పెళ్లిళ్ల సీజనులో ఆర్కెస్ట్రాల్లో డ్రమ్స్ వాయిస్తాడు. తండ్రి బ్యాండు మేళంలో సైడు డ్రమ్ము వాయించేవాడట. అతడు ల్యాప్‌టాప్ తెరిచి గంటకు కాస్త తక్కువ నిడివి గల ఒక చిత్రం పెట్టాడు. ఒక ఇంగ్లీషు రాక్ బృందం, స్టూడియోలో, శ్రోతలెవరూ లేకుండా, తమ రికార్డులోని పాటలన్నీ కూర్చుని వాయించడం. అంతకుమించి కథ లేదు, సంభాషణ లేదు.

మాలో పెద్దాయన ఒకరు పది నిమిషాలు చూసి, "తమ్మీ, ఇది తిండి ఎక్కువైనవాళ్ల దిగులు. ఇందులో మనకేమున్నది?" అన్నాడు. అడార్నో పేరు కూడా ఎత్తాడు. జనరంజక సంగీతమంతా అచ్చుపోసిన సరుకేనని అడార్నో 1941 లోనే చెప్పలేదా అని ఆయన వాదన. కుర్రాడు కోపం తెచ్చుకోలేదు. "అన్నా, పాటల ఏమున్నదో తర్వాత సూద్దాం. ముందు గా ఇద్దరు డ్రమ్మర్లు ఒకల మొకం ఒకలు ఎట్ల సూస్తున్నరో సూడున్రి" అన్నాడు.

పెద్దాయన చూడలేదు. నేను చూశాను. అప్పటినుంచి చూస్తూనే ఉన్నాను.

ఆ బృందం పేరు రేడియోహెడ్. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్డన్ బడిలో కలిసి చదువుకున్న ఐదుగురు 1985 లో మొదలుపెట్టిన బృందం. చాలాకాలం ఇ.ఎం.ఐ. కంపెనీకి పాడారు. ఆ కంపెనీ మనకు కొత్తదేమీ కాదు. మన తాతల పద్యాలను కుక్కబొమ్మ రికార్డుల మీద అమ్మిన గ్రామఫోను కంపెనీయే 1931 లో మరొక కంపెనీతో కలిసి ఇ.ఎం.ఐ. అయింది. ఆ ఒప్పందం తీరిపోయాక 2007 లో వీళ్లు తమ రికార్డును ఎవరికి తోచిన ధర వాళ్లిచ్చి తీసుకోండని సొంతంగా విడుదల చేశారు. 2011 ఫిబ్రవరిలో వచ్చిన రికార్డు పేరు 'ద కింగ్ ఆఫ్ లింబ్స్'. కొమ్మల రాజు అనుకోవచ్చు. ఇంగ్లండులోని సావర్నేక్ అడవిలో ఒక ముసలి ఓక్ చెట్టుకు ఉన్న పేరది. ఎనిమిది పాటలు, మొత్తం 37 నిమిషాలు.

ఈ రికార్డును వాళ్లు మామూలు పద్ధతిలో వాయించి చెయ్యలేదు. ఒక డ్రమ్ము దెబ్బల ముక్క, ఒక పియానో ముక్క, ఒక గొంతు ముక్క తీసుకుని, తెగకుండా తిరిగి తిరిగి మోగేట్టు యంత్రంలో పెట్టి, ఒకదానిమీద ఒకటి పేర్చారు. అట్లా తిరిగే ముక్కను లూపు అంటారు. లూపులు చెయ్యడానికి బృందంలోని గిటారు వాద్యకారుడు జానీ గ్రీన్‌వుడ్ స్వయంగా ఒక కంప్యూటరు ప్రోగ్రాము రాశాడు. అంటే ఎప్పుడో ఒకసారి చేతులు చేసిన పనిని యంత్రం దాచుకుని, చేతులు వెళ్లిపోయాక కూడా దాన్ని తిప్పుతూ ఉంటుంది. మార్క్స్ పెట్టుబడి గురించి చెబుతూ మృత శ్రమ, సజీవ శ్రమ అనే మాటలు వాడాడు. గతంలో చేసిన శ్రమ యంత్రంగా గడ్డకట్టి, ఇప్పుడు బతికి పనిచేస్తున్న మనిషి మీద కూర్చోవడమే ఆ సంబంధం. ఇక్కడ ఆ మాటలను అలంకారంగా వాడనక్కరలేదు, అక్షరాలా సరిపోతాయి. లూపు అంటే మోగే మృత శ్రమ.

రికార్డు విడుదలయింది. అప్పుడు ఒక చిక్కు వచ్చిపడింది. దీన్ని వాయించాలంటే ఎట్లా? తాము చేసిన పాటలను తామే నేర్చుకోవలసి వచ్చింది. యంత్రం ఒకేసారి తిప్పిన దరువులను ఒక డ్రమ్మరు రెండు చేతులు రెండు కాళ్లతో వాయించలేడు. అందుకని ఫిల్ సెల్వే పక్కన క్లైవ్ డీమర్ అనే రెండో డ్రమ్మరును కూర్చోబెట్టుకున్నారు. లండన్‌లోని మైదా వేల్ స్టూడియోలో, బాకాలు ఊదేవాళ్లను కూడా పిలిచి, రికార్డులోని ఎనిమిది పాటలూ, బయటివి రెండూ వాయించారు. వీళ్ల రికార్డుల నిర్మాత నైజెల్ గాడ్రిచ్ నడిపే 'ఫ్రమ్ ద బేస్‌మెంట్' అనే కార్యక్రమం కోసం దాన్ని చిత్రించారు. 2011 లోనే ప్రసారమైంది.

కుర్రాడు చూడమన్నది మొదటి పాటలోనే ఉంది. ఇద్దరు డ్రమ్మర్లూ ఒకే దరువు వాయించరు. ఒకడు వదిలిన ఖాళీలో రెండోవాడు వేస్తాడు. ఇద్దరిలో ఒకడు అరక్షణం తొందరపడినా మొత్తం కూలుతుంది. అందుకని కళ్లు కళ్ల మీదే ఉంటాయి. మన డప్పు జట్టులో ఒకడు నిలువు దెబ్బ పట్టుకుని ఉంటే మరొకడు దాని మధ్యలో అల్లిక వేస్తాడు చూడండి, అదే పని. యంత్రానికి ఈ చూపు అక్కరలేదు. లూపు ఎవరికోసమూ ఆగదు, ఎవరినీ నమ్మదు. రికార్డులో చల్లగా, అందకుండా ఉన్న ఆ పాట ఇక్కడ చెమట పట్టింది. సుతి మెత్తని పాటల్లో బాకాలవాళ్లు తమ వంతు కోసం వాయిద్యం ఒళ్లో పెట్టుకుని ఎదురుచూడడం కూడా కెమెరా చూపిస్తుంది. ఎదురుచూడడం కూడా వాద్యకారుడి పనేనని ఏ రికార్డూ మనకు చెప్పదు.

ఒక పాటలో మాత్రం గాయకుడు థామ్ యార్క్ తన గొంతునే అక్కడికక్కడ యంత్రంలోకి పాడి, దాన్ని లూపు చేసి, తిరుగుతున్న తన గొంతుకు తానే వంత పాడుకుంటాడు. విడిగా చూస్తే చాలా అందమైన పాట. కాని వంతకు నలుగురు మనుషులు కూర్చుని ఉండగా ఒక మనిషి తనకు తానే వంత అయిపోవడం నాకు కొరుకుడు పడలేదు. బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలుంటారు. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. నాజర్ కథ చెబుతుంటే వంతలు ఊరికే తాన తందాన అనరు. ఆపుతారు, అడుగుతారు, వెక్కిరిస్తారు, అప్పటి రోజుల సంగతి తెచ్చి కథ మధ్యలో పడేస్తారు. వంత అంటే రెండో గొంతు కాదు, రెండో మనిషి.

ఇంతకూ స్టూడియోలో కలిసి వాయించడం అనేది ఇవాళ వింతగా, విశేషంగా ఎందుకు కనిపిస్తోంది? ఒకప్పుడు అదే దారి, వేరే దారి లేదు. 1902 లో గౌహర్ జాన్ కలకత్తాలో గ్రామఫోను బాకా ముందు పాడినప్పుడు పాటకు మూడు నిమిషాలు, ఒకటే ప్రయత్నం, పక్కనే వాద్యకారులు. రేడియో సంగతీ అంతే. 1950 లో ఆకాశవాణిలో కలిసిపోకముందు దక్కన్ రేడియోలో పాడినవాళ్లకు తప్పు దిద్దుకునే వీలెక్కడిది? మద్రాసు సినిమా రికార్డింగు హాళ్లలో వయొలిన్లవాళ్లు, తబలావాళ్లు, వేణువు, గాయకుడు, గాయని అంతా ఒకే కప్పు కింద. పల్లవిలో ఎవరో ఒక్కరు తప్పితే అందరూ మళ్లీ మొదటినుంచి. ఇందులో హింస లేదని కాదు. చివరి వరసలో కూర్చున్న వయొలిన్ వాద్యకారుడి పేరు ఏ రికార్డు అట్ట మీదా లేదు. అయినా అతడు ఆ పాట మొత్తం విన్నాడు. ఎవరి పాట వాయిస్తున్నాడో అతడికి తెలుసు.

టేపు వచ్చి, ఒక్కొక్క వాద్యాన్ని ఒక్కొక్క ట్రాకులో విడిగా పట్టే వీలు వచ్చాక ఆ కప్పు కూలింది. ఇవాళ సినిమా పాటకు వాయించే వేణువు కళాకారుడు ఒంటరిగా గాజు గదిలోకి వెళ్తాడు. చెవిలో టిక్కు టిక్కుమని లెక్క మోగుతుంటుంది. నాలుగు చోట్ల నాలుగు ముక్కలు వాయించి బయటికి వస్తాడు. గాయని ఎవరో అతడికి తెలియదు, గాయనికి అతడెవరో తెలియదు. సినిమా విడుదలయ్యాక టీ కొట్టు దగ్గర ఆ పాట విని, ఇందులో ఉన్నది నేనే కదా అని గుర్తుపట్టుకోవాలి. పరాయీకరణ అంటే ఏమిటని పాఠశాలలో పిల్లలు అడిగితే నేనైతే ఈ ఉదాహరణే చెబుతాను. వయొలిన్లు వాయించే ముప్పై మంది చోట ఒక కీబోర్డు వచ్చాక ఆ ముప్పై మంది ఏమయ్యారన్నది మరొక వ్యాసం. దాన్ని సాహిత్య విమర్శకుడు కాక, యూనియను కార్యకర్త రాయాలి.

రాక్ సంగీతంలో ఈ చీలిక చాలా స్పష్టంగా తేదీలతో సహా కనిపిస్తుంది. 1963 ఫిబ్రవరి 11 న బీటిల్స్ నలుగురూ లండన్‌లో ఆబీ రోడ్డు స్టూడియోకు వచ్చి ఒక్కరోజులో పది పాటలు రికార్డు చేశారు. రాత్రి క్లబ్బుల్లో ఎట్లా వాయించేవాళ్లో అట్లాగే. జాన్ లెనన్‌కు జలుబు. గొంతు చీల్చుకుని పాడవలసిన పాటను అందుకే ఆఖరుకు ఉంచారు. ఒక్కసారి పాడాడు. ఇంకో టేకు చేద్దామంటే పాడడానికి గొంతు మిగల్లేదు. ఆ ఒక్క టేకే రికార్డులో ఉంది. శరీరానికి ఒక హద్దు ఉందని ఆ పాట వింటే తెలుస్తుంది. మూడేళ్ల తర్వాత, 1966 ఆగస్టులో, వాళ్లు కచేరీలు మానేశారు. అభిమానుల కేకల్లో తమ వాయిద్యం తమకే వినపడని స్థితి. 1967 లో వచ్చిన 'సార్జంట్ పెప్పర్' రికార్డు మొత్తం స్టూడియోలో పొరలు పొరలుగా కట్టినది. వేదిక మీద ఆ నలుగురూ దాన్ని వాయించలేరు. విమర్శకులు పాటల సంపుటికి ఒక కావ్యానికి ఉండే గౌరవం ఇచ్చింది కూడా అప్పుడే. అంటే, సంపుటి ఒక కళాఖండం అనిపించుకున్న రోజే కలిసి వాయించే చేతులు విడిపోయాయి. ఈ వైరుధ్యాన్ని పట్టుకోకుండా, సంపుటి మొత్తాన్ని స్టూడియోలో మళ్లీ కలిసి వాయించాలనే ఇవాళ్టి కోరికను అర్థం చేసుకోలేం. అది పోగొట్టుకున్నదాన్ని వెతుక్కోవడం.

వెతుక్కోవడాన్ని కూడా అమ్ముకోవచ్చు. పెట్టుబడికి ఆ తెలివి బాగా ఉంది. 2008 లో పాకిస్తాన్‌లో, 2011 లో మన దేశంలో మొదలైన కోక్ స్టూడియో కార్యక్రమం అంతా ఈ కలిసి వాయించడం మీదే నడిచింది. వాద్యకారులంతా ఒకే హాలులో గుండ్రంగా కూర్చుంటారు, మధ్యలో జానపద గాయకుడు, వెనక ఎర్రటి వెలుగు. అందులో చాలా మంచి పాటలు ఉన్నాయి, లేవంటే అబద్ధం. కాని ఆ ఎరుపు ఏ సీసాదో, కేరళలో ప్లాచిమడ ప్రజలు 2002 నుంచి తమ బావుల నీళ్ల కోసం ఏ కంపెనీ గేటు ముందు కూర్చున్నారో మరిచిపోకూడదు. కనుక లైవ్ అనే ముద్ర చూడగానే దాన్ని ప్రతిఘటన అనుకోవడం అమాయకత్వం. మా డ్రమ్స్ కుర్రాడికి ఈ అమాయకత్వం కొంత ఉంది. మా పెద్దాయనకు ఉన్నది వేరే రకం అమాయకత్వం. మాటల్లో రైతు లేడు, కూలీ లేడు కనుక ఆ పాటలో శ్రమే లేదనుకుంటాడు ఆయన. ఎదురుగా ఇద్దరు మనుషులు గంటసేపు చెమటలు కక్కుతూ పనిచేస్తుంటే, శ్రమ ఎక్కడుంది అని మాటల్లో వెతికాడు.

మరి ఆ చిత్రంలో లేనిదేమిటి? నాకు మూడు నాలుగు సార్లు చూశాక తట్టింది. వన్స్ మోర్ అనేవాడు లేడు.

మన పద్యనాటకం చూసి పెరిగినవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పనక్కరలేదు. కాటిసీనులో హరిశ్చంద్రుడు పద్యం ముగించాడంటే పందిట్లోంచి కేక. మళ్లీ అందుకోవాలి. రాగం ఇంకా సాగాలి. హార్మోనీ వాయించేవాడు ఆ కేక కోసం వేళ్లు సిద్ధంగా ఉంచుకునేవాడు. ఈ అలవాటు నాటకాన్ని నాశనం చేసిందని సంస్కర్తలు మొత్తుకున్నారు. నిజమే. చచ్చిన కొడుకు పక్కన తల్లి ఏడుస్తుంటే తండ్రి ఒక పద్యాన్ని మూడుసార్లు పాడడం ఏ రసానికీ అందదు. కాంట్రాక్టు నాటకాల్లో ఒక్క రాత్రికి ముగ్గురు కృష్ణులు వచ్చి పోటీపడేవారు. దీన్ని నేను సమర్థించడం లేదు. కాని ఆ కేకకు ఇంకో ముఖం కూడా ఉంది. బలిజేపల్లి లక్ష్మీకాంత కవి రాసిన హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు పాడతారు. అవి బలిజేపల్లివి కావు. నటులు తెచ్చి పెట్టారు, జనం వన్స్ మోర్ అన్నారు, అవి అక్కడే ఉండిపోయాయి. గుడి మెట్లు ఎక్కనివ్వని కులంలో పుట్టిన కవి పద్యం, ఊరూరా పందిళ్లలో, చక్రవర్తి పాత్ర నోట పలికింది. ఏ అకాడమీ చెయ్యని పని అది. శ్రోత పాటను మార్చగలడు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

స్టూడియోలో కూడా వన్స్ మోర్ ఉంది. అక్కడ దాన్ని ఇంకో టేకు అంటారు. అనేవాడు గాజు అద్దం వెనక ఉంటాడు. పందిట్లో కేక వేసినవాడు బాగుంది కనుక మళ్లీ అంటాడు, అద్దం వెనకవాడు బాగోలేదు కనుక మళ్లీ అంటాడు. సినిమా నటుడు ప్రేక్షకుల ముందు కాక యంత్రం ముందు నటిస్తాడని, అది అతన్ని పరీక్షకు నిలబెట్టినట్టుంటుందని వాల్టర్ బెంజమిన్ 1930 ల మధ్యలోనే గమనించాడు. మైదా వేల్‌లో రేడియోహెడ్ చేసింది ఆ పరీక్షకు అందరూ కలిసి హాజరు కావడం. ఒక్కొక్కణ్ని విడిగా పిలిచే పరీక్ష కన్నా అది వెయ్యి రెట్లు మేలు. తమ యంత్రం దాచుకున్న పనిని తమ చేతుల్లోకి తిరిగి తెచ్చుకున్నారు. దాన్ని వినేవాళ్ల చేతుల్లోకి మాత్రం ఇవ్వలేదు. ఆ స్టూడియో కట్టడం 1909 ప్రాంతంలో చక్రాల బూట్లు వేసుకుని జనం తిరిగే పెద్ద హాలుగా మొదలైందట. వందల మంది కిలకిలలాడిన గచ్చు మీద, వందేళ్ల తర్వాత, వినే మనిషి ఒక్కడు లేకుండా ఒక గంట సంగీతం!

ఇక మన ఇంటి సంగతి. పరాయివాళ్ల లోపాలు ఎత్తిచూపి ఊరుకుంటే ఈ వ్యాసం మా పెద్దాయన వాదనకు పొడుగు రూపమే అవుతుంది.

గద్దర్ ఇల్లు మల్కాజ్‌గిరి పక్కన అల్వాల్‌లో. ఆయన 2023 ఆగస్టు 6 న పోయినప్పుడు, తానే నెలకొల్పిన మహాబోధి విద్యాలయం ఆవరణలో ఖననం చేశారు. ఉస్మానియాలో ఇంజనీరింగు చదవడానికి వచ్చి, బ్యాంకులో పనిచేసి, 1970 ల ఆరంభంలో ఏర్పడ్డ జననాట్యమండలిలో వంగపండు ప్రసాదరావు వంటివాళ్లతో కలిసి ఆయన నిలబెట్టిన పద్ధతి చూడండి. ఒక మైకు. మైకు దగ్గర ఒకడు, ఒక అడుగు వెనక వంత, పక్కన డోలక్, డప్పు. గొంతు పెంచాలంటే మైకు దగ్గరికి, వంత వినపడాలంటే గాయకుడు పక్కకు తప్పుకోవాలి. శబ్దాన్ని కలిపేవాడు వేరే లేడు, కాళ్లే కలుపుతాయి. 1987 నవంబరులో కెనడాలో కౌబాయ్ జంకీస్ అనే బృందం టొరొంటోలోని ఒక చర్చిలో ఒకే మైకు చుట్టూ కూర్చుని ఒక సంపుటి మొత్తం రికార్డు చేసింది. రాక్ ప్రపంచం దాన్ని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. మన ఊరి సభల్లో అహూజా మైకు ముందు ప్రతి రాత్రీ జరిగింది అదే. అక్కడ చెప్పుకున్నారు, ఇక్కడ మనం చెప్పుకోలేదు.

పాట మధ్యలో మాట, మాట మధ్యలో పాట. సభకు వచ్చిన ఒక ముసలమ్మ ఎదురుగా కనిపిస్తే చరణం ఆమె వైపు తిరిగేది. నిన్న చనిపోయినవాడి పేరు ఇవాళ పాటలో ఉండేది. 1979 లో తయారైన 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడిన బండి యాదగిరి పాట, మూడు దశాబ్దాలకు ముందు సాయుధ పోరాట కాలంలో పుట్టిన పాట. నడిచిన ప్రతి చోటా అది కొంత మారింది. సినిమాలోకి వచ్చాక మారడం ఆగింది. అందరికీ తెలిసిన పాటకు అందరూ ఒకే రూపాన్ని నేర్చుకున్నారు. లాభమూ అదే, నష్టమూ అదే.

2002 తర్వాత ధూంధాంలు, 2009 డిసెంబరు నుంచి ఆర్ట్స్ కాలేజి ముందు రోజూ జరిగిన సభలు, 2010 జనవరి 3 న జరిగిన విద్యార్థి గర్జన చూసినవాళ్లకు ఆ పాట ఎంత బలమో నేను చెప్పనక్కరలేదు. 1939 లో కట్టిన ఆ గులాబిరంగు రాతి భవనం గోడకు తగిలి డప్పు దెబ్బ తిరిగొచ్చేది. వాయించేవాడు ఆ ప్రతిధ్వని కోసం ఒక్క క్షణం ఆగి మళ్లీ కొట్టేవాడు. భవనం కూడా జట్టులో ఒక మనిషి. ఆ పాటలే తర్వాత సీడీల్లో విన్నాను. నా చేతికి వచ్చిన చాలా సీడీల్లో డప్పు లేదు, డప్పులాంటి శబ్దం చేసే ప్యాడు ఉంది. కోరసు అని వినిపించేది ఇద్దరి గొంతులను నాలుగుసార్లు పేర్చిన కోరసు. ఆర్ట్స్ కాలేజి ముందు వంత పాడిన వేలమంది చోట ఇద్దరు! డబ్బు లేదు, స్టూడియోకు గంటకు ఇంత అని కట్టాలి, పదిమందిని తీసుకెళ్తే ఎన్ని గంటలు పడుతుంది అన్నారు. కారణాలు నిజమైనవే. కాని సమష్టి గురించిన పాటను సమష్టి లేకుండా తయారుచేశామన్న సంగతి మన సమీక్షల్లో ఒక్కదానిలోనూ ఎవరూ రాయలేదు, నాతో సహా. మాటలు సరిగ్గా ఉన్నాయి కనుక పాట సరిగ్గా ఉందనుకున్నాం. ఆ సీడీలే తర్వాత బరాత్‌లలో డీజే పెట్టెల మీద దడదడలాడితే మాత్రం ఉద్యమ పాటను అపవిత్రం చేశారని వాపోయాం. వంతను మనమే తీసేశాం. ఖాళీగా ఉన్న చోట డీజే కూర్చున్నాడు.

ఈ మాటలు ఆ గదిలో నేను అనలేదు. ఇంత వివరంగా అప్పుడు తోచలేదు కూడా. తర్వాత కొన్ని నెలలకు ఆ కుర్రాడు ఫోను చేశాడు. ఏడుగురు కలిశారు. ఒక డ్రమ్స్, రెండు డప్పులు, డోలక్, గిటారు, ఇద్దరు పాడేవాళ్లు. అడ్డా మీద పనికోసం నిలబడే కూలీల ఒక్క రోజును తీసుకుని, తెల్లవారుజామునుంచి రాత్రి దాకా వరసగా ఏడు పాటలు కట్టుకున్నారు. విడివిడిగా కాదు, ఏడూ ఒక్క కూర్చోవడంలో వాయించి రికార్డు చెయ్యాలని, ఎదురుగా మనుషులు ఉండాలని పట్టుదల. స్టూడియోకు డబ్బుల్లేవు. ఆర్ట్స్ కాలేజి రైల్వే స్టేషను వైపున్న ఒక మిత్రుడి హాలు, అడిగి తెచ్చిన మైకులు రెండు, గోడలకు దుప్పట్లు. ఇరవై మందిమి ఇరుక్కుని కూర్చున్నాం. గాలి శబ్దం పడుతుందని ఫ్యాను ఆపేశారు. మా పెద్దాయన కూడా వచ్చాడు, గోడకు ఆనుకుని.

రెండో పాట మొదటి చరణంలో రైలు కూత వేసింది. డప్పు వాయిస్తున్నవాడు నవ్వు ఆపుకుని కొట్టాడు, ఆ నవ్వు దెబ్బలో వినిపిస్తుంది. నాలుగో పాటలో గిటారు తీగ తెగింది. మిగతా ఐదు తీగలతోనే లాగించాడు. ఐదో పాట, పని దొరకని కూలీ మధ్యాహ్నం అడ్డా మీదే అన్నం మూట విప్పే పాట. అది ముగిసి ముగియకముందే, ఇరవై మందిలో కూర్చున్న మెస్సులో వంట చేసే ఒకామె, "మళ్లొక్కసారి పాడున్రి బిడ్డా" అన్నది.

గాయకుడు కుర్రాడి వైపు చూశాడు. యంత్రం నడుస్తోంది. ఆరో పాటకు లెక్క మొదలుకావలసిన క్షణం. డ్రమ్స్ మీద కర్రలు గాల్లో ఆగాయి. తర్వాత డోలక్ అతను ముందుగా అందుకున్నాడు, మిగతావాళ్లు కలిశారు. రెండోసారి పాడినప్పుడు పల్లవి ఆ గదిలో ఉన్న అందరి గొంతులోనూ పడింది. మా పెద్దాయనకు అసలే శ్రుతి తక్కువ, ఆయన గొంతు విడిగా తెలిసిపోతోంది.

రికార్డులో ఇప్పుడు ఆ పాట రెండుసార్లు ఉంది. ఒకటి తీసెయ్యాలని గిటారు అతను, సంపుటి నడక దెబ్బతింటుందని అతని వాదన. రెండూ ఉండాలని, ఆమె మాట కూడా ఉండాలని కుర్రాడు. మా పెద్దాయన మాత్రం మొదటిది తీసేసి రెండోదే ఉంచమంటాడు. వారం దాటింది, ఇంకా తేలలేదు.